ఉచ్చంగెమ్మ అనని మాట

కాపీ తీయడానికి ఇచ్చిన వీడియో క్యాసెట్టు తిరిగి చేతికి రాగానే ఉచ్చంగెమ్మ దాన్ని డబ్బాలోంచి తీసి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. ఎదురుగా నిలబడిన మౌనేషుకు నవ్వు వచ్చింది గానీ, అత్త ముఖం చూసి మింగేశాడు.

"ఇది నాది గాదు," అంది.

"నీది గాకపోతే ఎవురిదత్తా? డబ్బా మీద మామ రాత ఉండాది, సూడు."

రాత ఉంది. ‘కారహుణ్ణిమె’ అని హంపేశ్ నీలి సిరాతో రాసి అంటించిన చీటీ చెక్కుచెదరలేదు. ఆమె అనుమానం డబ్బా మీద కాదు, డబ్బాలో ఉన్నదాని మీద. మొగుడు పోయిన నాటినుంచి ఆ క్యాసెట్టు ఆమె ట్రంకు పెట్టెలో, చీరల మడతల్లో, వేపాకుల మధ్య పడి ఉంది. డబ్బాకు వేపాకు వాసన ఉంది, లోపలి క్యాసెట్టుకు లేదు. ఇన్నేళ్ళు ఒకే పెట్టెలో ఉన్న రెండింటిలో ఒకదానికి వాసన పట్టి, ఇంకొకదానికి పట్టకుండా ఎట్లా ఉంటుంది?

అదే అడిగితే మౌనేషు, "మిషన్ వేడికి పోయింటాదిలే," అన్నాడు. అంటూ చూపు తిప్పుకున్నాడు. ఆ తిప్పుకోవడం ఆమె చూసింది.

ఉచ్చంగెమ్మది అనుమానపు బుద్ధి అని తెక్కలకోట ఊళ్ళో చిన్నా పెద్దా అందరూ అంటారు. అనరా మరి! సంతలో తూయించుకున్న ఉల్లిగడ్డలను ఇంటికి తెచ్చి మళ్ళీ తూస్తుంది. బస్సులో టిక్కెట్టు మీద ఊరి పేరు ఎవరిచేతనైనా చదివించుకుని గాని కూర్చోదు. కానీ ఉల్లిగడ్డలు తక్కువ తూగిన రోజుల సంగతి మాత్రం ఆ అనేవాళ్ళెవరూ చెప్పరు. లోకం తిన్నగా ఉంటే అనుమానపడటం ఆమెకేమన్నా సరదానా?

ఆమె మొగుడు హంపేశ్ కాలిపోయిన పంపుసెట్టు మోటార్లకు తీగ చుట్టేవాడు. అది పొట్ట కోసం. ప్రాణమంతా కెమెరా మీదే. సిరుగుప్పలో పెళ్ళిళ్ళ వీడియోలు తీసే ఒకాయన కొత్తది కొంటూ పాతది అమ్మేస్తే, భుజాన మోసే ఆ పెద్ద కెమెరాను తెచ్చుకున్నాడు. ఇక కాలువకు నీళ్ళు వదిలినా, జాతరలో తేరు కదిలినా, ఎవరి కొట్టంలో దూడ పుట్టినా హంపేశ్ అక్కడ ఉండాల్సిందే. ఎవరి దగ్గరా పైసా పుచ్చుకునేవాడు కాదు. ఆయన వీధిలోకి వస్తున్నాడంటే ఆడవాళ్ళు తల దువ్వుకుని, మగవాళ్ళు చొక్కా తొడుక్కుని గడప దాటేవాళ్ళు. ఇంటి ముందర టీవీ పెట్టి చూపించాడంటే వీధి వీధంతా వచ్చి, ఎవరి ముఖం వాళ్ళు చూసుకుని కేకలు పెట్టేది.

తరువాత ప్రతి జేబులోకీ కెమెరా వచ్చింది. హంపేశ్ కెమెరా ఎత్తితే తిరిగి చూసేవాళ్ళు లేకపోయారు. ఎవరి ఫోను వాళ్ళు చూసుకునేవాళ్ళు. క్యాసెట్లు దొరకడం మానేశాయి. ప్లేయరు చెడిపోతే బాగుచేసేవాడు బళ్ళారిలో కూడా దొరకలేదు. ఆ బెంగతోనే పోయాడని ఉచ్చంగెమ్మ అంటుంది, గుండె జబ్బని డాక్టరు అన్నాడు. ఇద్దరి మాటా నిజమే కావచ్చు. బూజు పట్టి, చెదలు తిని, చివరికి మిగిలింది ఈ ఒక్క క్యాసెట్టు. చూసి ఎన్నేళ్ళయిందో! అందులో ఏముందో ఆమెకు మసకమసకగానే గుర్తు. హంపేశ్ బొమ్మయితే అందులో లేదు. తీసేవాడు బొమ్మలోకి ఎట్లా వస్తాడు? అయినా ఆయన పనిమీద బయటికి పోయినప్పుడు అది పెడితే ఇంట్లో ఉన్నట్టే ఉండేది. ఎందుకట్లా ఉండేదో ఆమె ఎన్నడూ ఆలోచించలేదు.

మౌనేషు హంపేశ్ చెల్లెలి కొడుకు. వీడియోల పిచ్చి మామ నుంచే అంటుకుంది. సిరుగుప్పలో గది తీసుకుని, డ్రోను ఎగరేసి, వరి మళ్ళను ఆకాశంనుంచి తీసి యూట్యూబులో పెడతాడు. ఆ వీడియోలలో ఒక ఆడపిల్ల తీయగా మాట్లాడుతుంటుంది. "ఎవురప్పా ఆ పిల్ల? సంబంధం మాట్లాడాల్నా?" అని ఒకసారి ఉచ్చంగెమ్మ అడిగితే, "అట్లాంటి పిల్లే లేదత్తా. మనం రాసిస్తే కంప్యూటరే మాట్లాడతాది," అన్నాడు. లేని పిల్ల నోట రాసిచ్చిన మాట. వీడి చేతికి క్యాసెట్టు ఇవ్వాలా వద్దా అని ఆమె వెనకాడింది అందుకే. కానీ పాత ప్లేయరును ఎక్కడో సంపాదించినవాడు వీడొక్కడే.

ఆ సాయంత్రం మౌనేషు క్యాసెట్టులోని బొమ్మను ఎక్కించుకొచ్చిన పెన్‌డ్రైవును టీవీకి పెట్టాడు. పక్కింటి పక్కీరమ్మ చేటలో కందిపప్పుతో సహా వచ్చి కూర్చుంది.

ఒకప్పుడు గీతలు కొట్టుకుంటూ వణికిన బొమ్మ ఇప్పుడు అద్దంలా ఉంది. కారహుణ్ణిమె, అంటే ఏరువాక పున్నమి నాడు ఊరి ముందర అడ్డంగా వేపాకుల తోరణం కట్టి, కొమ్ములకు రంగులు పూసిన ఎద్దులను దాని మీదికి పరిగెత్తిస్తారు. తోరణాన్ని ముందు తెంపింది తెల్ల ఎద్దా, ఎర్ర ఎద్దా అన్నదాన్నిబట్టి ఆ ఏడు ఏ పంట బాగా పండుతుందో చెప్పుకుంటారు. కొమ్ముల మీది రంగు నిన్న పూసినట్టుంది. జనం కేక వేశారు, తెల్ల ఎద్దు తోరణం తెంపుకుని పోయింది.

"అబ్బబ్బ, ఎంత చెన్నాగుండాదక్కా! పోయినోళ్ళంతా లేసొచ్చినట్టుండాది," అంది పక్కీరమ్మ.

ఉచ్చంగెమ్మ టీవీ దగ్గరికి జరిగింది. తెర మీద వీధి కనబడుతోంది. రచ్చకట్ట మీద కూర్చున్న కరియమ్మ ఉన్నట్టుండి తలెత్తి, ఇటు చూసి నవ్వింది. అంగడి తిప్పేశ్ తక్కెడ వదిలి, ఇటు తిరిగి నవ్వాడు. బిందెతో పోతున్న ఒక పడుచు ఆగి, మెడ తిప్పి, పకపకా నవ్వింది. ఎవరూ వాళ్ళను పిలవలేదు. ఎవరూ ఏమీ అనలేదు. ఒకరి తరువాత ఒకరు తిరుగుతున్నారు, నవ్వుతున్నారు.

"ఏం జూసి నవ్వుతాండారు వీళ్ళు?" అంది ఉచ్చంగెమ్మ.

"కెమెరా సూసి," అన్నాడు మౌనేషు.

అప్పుడు తానే కనబడింది. నల్లటి జడ, చేతిలో చీపురు, ఇటు వీపు. గడప ముందర ఊడుస్తోంది. ఊడుస్తూ ఊడుస్తూ దిగ్గున తిరిగి, చీపురెత్తి, "నేనేమన్న ఎద్దునా?" అంది. అని నవ్వింది.

టీవీ ముందరి ఉచ్చంగెమ్మ నవ్వలేదు. "ఆపు. ఈ మాట నేనన్లేదు."

"నీ గొంతే కదత్తా!"

"గొంతు నాదే. నా పాటికి నేను ఊడ్సుకుంటాండా, ఎవురూ ఏమీ అనకుండానే ఎద్దునా అని ఎందుకంటా? నాకేమన్న పిచ్చా? ఆ లేని పిల్లతో మాట్లాడిచ్చినట్ల నాతో గూడా మాట్లాడిచ్చినావు."

"దేవుడి మీద ఒట్టత్తా! సుమ్నె, ఊరికే కొంచెం క్లీన్ చేసినా, అంతే."

పక్కీరమ్మ సర్దబోయి ఇంకా చెడగొట్టింది. ఫోనులో ఒక స్వామి చెప్పాడని మోకాళ్ళ నొప్పుల తైలం తెప్పించుకుని, ఆ స్వామి అట్లా చెప్పనే లేదని తరువాత తెలుసుకున్న మనిషి ఆవిడ. "ఏమోనక్కా, ఈ కాలంలో ఎవురి నోట్లో ఏం మాట పెడతారో," అనేసింది. మౌనేషు ముఖం మాడ్చుకుని లేచిపోయాడు.

ఆ తరువాత ఉచ్చంగెమ్మకు అదే పని అయింది. పొద్దున పెడుతుంది, మధ్యాహ్నం పెడుతుంది. క్యాసెట్టు మార్చాడు, మాట మార్చాడు, ఇంకేం మార్చాడో? కరియమ్మను అడుగుదామంటే ఆమె పోయింది. తిప్పేశ్‌ను అడిగితే, "నవ్వినానేమో వదినా, యాడ గుర్తుంటాది," అన్నాడు. సాక్ష్యం చెప్పేవాళ్ళు ఎవరూ మిగలలేదు. చూసిన కొద్దీ ఆమెకు తన జ్ఞాపకం మీదే అనుమానం మొదలైంది.

అంతకన్నా బాధ ఇంకొకటి. ఇంతకుముందు ఆ బొమ్మ ఆడుతుంటే హంపేశ్ ఉన్నట్టుండేది, ఇప్పుడు లేడు. బొమ్మ బాగుంది, ఆయన లేడు. ఎట్లా పోయాడో ఆమె చెప్పలేకపోయింది. చెబితే మాత్రం ఎవరు నమ్ముతారు, ఎప్పుడూ బొమ్మలో లేనివాడు ఇప్పుడు పోయాడంటే?

ఒక పొద్దున ఇక ఆగలేక మౌనేషునే నిలదీద్దామని సిరుగుప్ప బస్సు కోసం రోడ్డు మీద నిలబడింది. ట్రాక్టర్లు వచ్చాక ఎద్దుల బండి కనబడటమే అరుదు. వరిగడ్డి వేసుకుని ఒక బండి ఆమె వెనకనుంచి వచ్చింది. తోలేవాడు నాలుకను అంగిలికి కొట్టి టక్కు టక్కుమనిపించాడు.

ఉచ్చంగెమ్మ గిరుక్కున తిరిగింది.

"నిన్ను గాదమ్మా, ఎద్దుల్ని!" అని బండివాడు నవ్వుకుంటూ పోయాడు.

ఆ టక్కు ఎక్కడ విన్నదో ఆమెకు గుర్తొచ్చింది. కెమెరా భుజాన ఉంటే హంపేశ్ నోరు విప్పేవాడు కాదు. తన మాట అందులో పడితే బొమ్మ చెడుతుందని పట్టుదల. మరి జనం ఇటు చూడాలంటే ఎట్లా? ఎద్దులను అదిలించినట్టు నాలుకతో టక్కు టక్కుమనిపించేవాడు. కరియమ్మ తలెత్తింది దానికే. బిందె పడుచు నవ్వింది దానికే. తాను చీపురెత్తిందీ దానికే. ఫోన్లు వచ్చాక ఆ టక్కుకు తిరిగేవాళ్ళు లేరని ఆయనే మానుకున్నాడు, ఆమె మరిచిపోయింది. ఆ మాట తాను అన్నదే. క్లీన్ చేస్తానని మౌనేషు అనిపించినవాణ్ణే తుడిచేశాడు.

సిరుగుప్ప చేరేదాకా ఉచ్చంగెమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

గదిలో అడుగు పెడుతూనే, "నా క్యాసెట్టు యాడ?" అంది.

మౌనేషు ఈసారి చూపు తిప్పుకోలేదు. బీరువా మీదినుంచి ఒక ప్లాస్టిక్ సంచి దించాడు. లోపల నల్లటి రిబ్బను చిక్కులు పడి, నలిగి, తునకలై ఉంది.

"ఒక తూరి బాగా తిరిగిందత్తా, కంప్యూటర్లోకి ఎక్కింది. వెనక్కి చుట్టేటప్పుడు ప్లేయరు నమిలేసింది. నీకు జెప్పడానికి నోరు రాల్యా. ఖాళీది ఒకటి డబ్బాలో పెట్టిచ్చినా. తప్పయిపోయింది."

అనుమానం నిజమైనందుకు ఆమెకు ఏ సంతోషమూ కలగలేదు. సంచిలో చెయ్యి పెట్టి, రిబ్బను తీసి వాసన చూసింది. వేపాకు వాసన.

"కంప్యూటర్లోకి ఎక్కినప్పుడు ఎట్లుండెనో అట్లే గావాల నాకు. నువ్వు కడగక ముందరిది."

"అది తీసేసినా. జాగా సాల్లేదు."

ఉచ్చంగెమ్మ ఆ సంచిని ఒళ్ళో పెట్టుకుని మంచం అంచున కూర్చుంది. మౌనేషు కంగారుపడి నీళ్ళు ఇచ్చాడు. "ఏం పోయిందని ఇంత బాధ? మాటలన్నీ ఉండాయి గదా. పోయింది సద్దొక్కటే. గాలి, మిషన్ గుర్రు, అట్లాంటి చెత్త. నీకే సద్దు గావాల్నో జెప్పు, అట్లాందే తయారు చేసి ఎక్కిస్తా. ఇప్పుడు ఏ సద్దయినా చేయొచ్చత్తా."

నోటిదాకా వచ్చిన మాటను ఆమె బిగబట్టింది. చెబితే వీడు చేసేస్తాడు. అచ్చం హంపేశ్ లాగే చేసేస్తాడు. అత్త కన్నీళ్ళు చూడలేక, ప్రేమతోనే చేస్తాడు. ఆ తరువాత అది మొగుడిదో, మిషనుదో బతికినన్నాళ్ళూ ఆమెకు తెలియదు.

"జెప్పను," అంది.

మౌనేషు తల గోక్కున్నాడు. అంతలో ఏదో తోచి కంప్యూటరు వైపు తిరిగాడు. "ఉండత్తా. నేను క్లీన్ చేసిన యాప్ మాటల్ని ఒక ఫైలు చేస్తాది, సద్దును వేరే ఫైలు చేస్తాది. సద్దు ఫైలు చెత్తబుట్టలో పారేసినా. బుట్ట ఖాళీ చేసింటే మాత్రం పోయినట్లే."

వాడు వెతుకుతున్నంతసేపూ ఆమె ఆ చేతుల మీదినుంచి చూపు తీయలేదు. "ఏం నొక్కితివి? దేనికి నొక్కితివి?" అని ప్రతిదానికీ అడిగింది. వాడు విసుక్కోకుండా చెప్పాడు.

"ఉండాది!" అన్నాడు చివరికి. బొమ్మకు ఆ ఫైలు తగిలించి పెట్టాడు.

ఎద్దులు పరిగెత్తాయి. జనం నోళ్ళు తెరిచారు, కేక మాత్రం వినబడలేదు. గాలి హోరు ఉంది, కెమెరా లోపలి చక్రాల గుర్రు ఉంది, ఎద్దుల మెడ గంటలు ఉన్నాయి. వాటి అడుగున ఎవరిదో ఊపిరి, బరువు మోసేవాడి ఊపిరి.

ఉచ్చంగెమ్మ ఇంకా నమ్మలేదు. ఊపిరి ఎవరిదైనా కావచ్చు. హంపేశ్ టక్కుకు ఒక పద్ధతి ఉంది. వెంట వెంట రెండు, తరువాత ముందరి పళ్ళ సందులోంచి గాలి పీల్చడం, ఆపైన ఆలస్యంగా ఇంకొకటి. అది ఈ లోకంలో ఆమెకొక్కదానికే తెలుసు. తెర మీదికి కరియమ్మ వచ్చింది, ఇంకా తల వంచుకునే ఉంది.

టక్కు, టక్కు. సన్నటి పీల్పు. టక్కు.

కరియమ్మ తలెత్తి నవ్వింది.

"ఇదేనా అత్తా? ఈ సద్దేనా?" అన్నాడు మౌనేషు. ఆమె చెయ్యెత్తి వాణ్ణి ఊరుకోమంది. తిప్పేశ్ తిరిగాడు, బిందె పడుచు తిరిగింది. ఇక గడప వచ్చింది, చీపురు వచ్చింది, నల్లటి జడ వచ్చింది. ఆ బరువు ఊపిరి గడపకు దగ్గరై, నవ్వు బిగబట్టినట్టు ఒక్క క్షణం ఆగింది.

టక్కు, టక్కు. పీల్పు. టక్కు.

తెర మీది ఉచ్చంగెమ్మ దిగ్గున తిరిగి చీపురెత్తింది. పెదవులు కదిలాయి, మాట లేదు. మాటలన్నీ ఆ ఇంకో ఫైలులో ఉండిపోయాయి.

"నేనేమన్న ఎద్దునా?" అంది ఉచ్చంగెమ్మ, మొగుడితో.