ఒక్క వరస ఎక్కువ

దర్జీకి తోడల్లుడంటే మొదటి నుంచీ పడదు. పెద్ద కారణమేమీ లేదు. అక్కాచెల్లెళ్ళని చేసుకున్న ఇద్దరిలో పెద్దల్లుడు తానైతే, అత్తారింట్లో మాట చెల్లేది గుమస్తా పని చేసే ఆ తోడల్లుడిది. షుగరు కూడా ఇద్దరికీ ఒక్క ఏడాదే తగులుకుంది. కంటి వెనక సన్నటి రక్తనాళాలు కారడం మొదలై ఇద్దరికీ చూపు మసకబారింది. దర్జీకి కుడికన్ను అప్పటికే చేజారింది. ఎడమకన్నొక్కటే మిగిలింది. కత్తెర పట్టాలంటే అదే దిక్కు.

నెలనెలా ఇద్దరూ కలిసే ఆసుపత్రికి వెళ్ళి, కారుడు ఆగడానికి కంట్లో సూదిమందు వేయించుకునేవారు. చెరో సూది పడినంతకాలం దర్జీ బాగానే ఉన్నాడు. ఒకసారి డాక్టరమ్మ గుమస్తాకి సూదితోపాటు లేజరు వెలుగు కూడా రాసింది. ఇంకేముంది!

"అతనికి సూదీ వెలుగూ రెండూనా? నాకు ఒట్టి సూదేనా? నాది మాత్రం కన్ను కాదా?" అని గుమ్మంలోనే నిలదీశాడు.

"ఆయనకి కారేది ఓ పక్కన. వెలుగుతో మూసెయ్యొచ్చు. మీకు సరిగ్గా నడిమధ్యన కారుతోంది. అక్కడ లేజరు పెడితే ఉన్న చూపూ పోతుంది. మీకు సూదే మంచిది," అంది డాక్టరమ్మ.

మంచిమాట ఎవడిక్కావాలి? తర్వాతి నెల గుమస్తా గోడమీది అక్షరాల చార్టులో ఇంకో వరస కిందికి చదివేశాడు. దర్జీ భార్య ఊరుకోవచ్చు కదా! "మా మరిదిగారు నక్కతోక తొక్కారు, పేపరు కూడా చదివేస్తున్నారట," అంటూ ఇంటికొచ్చినవాళ్ళందరికీ చెప్పింది. దర్జీకి పుండుమీద కారం చల్లినట్టయింది.

ఎదుటివాడి రెండు కళ్ళూ పోతాయంటే తన కన్నొకటి పొడుచుకునే రకం మనుషులుంటారంటారు. మన దర్జీ అంత దుర్మార్గుడు కాడు. తోడల్లుడికంటే ఒక్క వరస ఎక్కువ చదవాలనుకున్నాడు, అంతే.

ఆ పై నెల గుమస్తా చదువుతుంటే కర్టెన్ ఇవతల నిలబడి, అక్షరం అక్షరం పెదాల్లోనే గొణుక్కుంటూ బట్టీ పట్టాడు. చార్టు చూపించే అమ్మాయిని బతిమాలి అట్టడుగు వరస కూడా చెప్పించుకున్నాడు. తన వంతు రాగానే గడగడా అప్పజెప్పేశాడు.

డాక్టరమ్మ స్కాను చూసి నొసలు ముడిచింది. "కంటి వెనక కారిన నీరు ఇంకా ఉంది. కానీ చూపు ఇంత బాగుంటే ఇప్పుడే సూది అక్కర్లేదు, కొన్నాళ్ళు చూద్దాం. ఏమాత్రం తేడా అనిపించినా పరిగెత్తుకు రండి."

గుమస్తా నిజంగానే సంతోషించాడు. "అదృష్టమంటే మీదే అన్నయ్యా!" అన్నాడు. ఆ మాటకి దర్జీ కడుపు నిండిపోయింది.

తేడా రానే వచ్చింది. బట్టమీద గీసిన గీత మధ్యలో వంకర తిరిగేది. సుద్ద మంచిది కాదన్నాడు. చొక్కా చేతులు పొట్టివైపోతే బట్ట ముడుచుకుపోయిందన్నాడు.

"గ్లాసు అక్కడుంటే చెయ్యి ఇక్కడ పెడతారేంటండీ? ఆసుపత్రికి పదండి," అని భార్య ఏడ్చినంత పని చేసింది.

"గ్లాసే జరిగింది," అన్నాడు. వెళ్ళి చెబితే గెలిచిన వరస పోదూ? తోడల్లుడు ఈసారి నిజంగానే పైన ఉంటాడు. దానికంటే గుడ్డితనమే నయమనిపించిందతనికి.

ఇద్దరూ కలిసి వెళ్ళే రోజు వచ్చింది. "పెద్దవాణ్ణి, ముందు నేను చదువుతాను," అని కుర్చీలో కూర్చుని, గోడవైపు తలెత్తి, "ప, గ, ర, వ, న..." అని అట్టడుగు వరసదాకా తడుముకోకుండా చదివేశాడు.

వెనక నుంచి గుమస్తా మెల్లగా అన్నాడు: "అన్నయ్యా, చార్టు మార్చారు. అవి ఆ అక్షరాలు కావు."

డాక్టరమ్మ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. కన్నంతా పరీక్షించి, "కారుడు ఇప్పుడు పక్కలకీ పాకింది. సూది ఇవాళే వేస్తాను. వాపు తగ్గాక పక్కల లేజరు కూడా పెడదాం," అంది.

"రెండూనా?" అన్నాడు దర్జీ. "మరి పోయిన చూపు?"

"ఉన్నదాన్ని నిలబెడదామండీ."

కంటికి కట్టుతో బయటికి వస్తుంటే గుమస్తా మోచెయ్యి పట్టుకున్నాడు. "మెట్టుంది, జాగ్రత్త అన్నయ్యా." ఆ మెట్టు అతనికి కనబడినందుకు దర్జీకి ఒళ్ళు మండిపోయింది. చెయ్యి విదిలించుకుందామనుకున్నాడు. కానీ ఇంకా ఎన్ని మెట్లున్నాయో తెలియక, అతని చేతిని గట్టిగా పట్టుకున్నాడు.