కప్పలు ముందే లేచాయి

పొద్దున్నే గుమ్మం ముందు చేరిన ఇసుక ఊడుస్తుంటే చీపురుకు మట్టిముద్ద ఒకటి తగిలింది. కోడలు దాన్ని పక్కకు నెట్టబోయింది. ముద్ద కళ్ళు తెరిచింది.

ఇసుకకప్ప. నిమ్మకాయంత ఒళ్ళు, వెనక పాదాలకు చిన్న పారల్లాంటి గట్టి అంచులు. పది నెలలుగా నేలలో నడుములోతున, తన చర్మాన్నే దుప్పటిలా కప్పుకుని పడుకున్న ప్రాణి. ఆ పాత పొర ఇంకా పూర్తిగా ఊడక వీపుమీద ఉల్లిపొట్టులా రెపరెపలాడుతోంది. కోడలు తలెత్తి చూస్తే వీధి పొడుగునా అలాంటి ముద్దలే, ఒకదాన్నొకటి తొక్కుకుంటూ ఎటు పోవాలో తెలియక తిరుగుతున్నాయి.

ఆకాశం తోమి బోర్లించిన కంచంలా ఉంది. మబ్బు తునక లేదు.

రాళ్ళ క్వారీని నమ్ముకుని ఎడారి అంచున వెలిసిన నలభై ఇళ్ళ కాలనీ అది. అందరికీ కలిపి నీటికి ఒక్కటే దిక్కు: కొండవాలు మీద పడిన వాన జారి వచ్చి చేరే నేలతొట్టి. ఏడాదికి నాలుగైదు వానలు పడితే గొప్ప. ఆ నాలుగైదు వానలనే ఏడాది పొడుగునా తాగాలి. పదిహేను రోజులకోసారి లారీ సరుకులు తెస్తుంది గాని నీళ్ళు తేదు. అది వచ్చే పట్నం కూడా వానకోసం నోరు తెరుచుకుని చూసేదే.

తొట్టి తాళంచెవి ముప్ఫై ఏళ్ళుగా అత్తగారి నడుముకు వేలాడుతోంది. ఇంటికి రోజుకు ఆరు బిందెలు. ఏడో బిందె అడిగినవాళ్ళు రెండోసారి అడగలేదు. గంట్లు పెట్టిన పొడుగాటి కర్రతో రోజూ తొట్టి లోతు చూసే ఆవిడను కాలనీ అంతా కొలతమ్మ అనేవారు. ఆవిడ ఏడ్చినా కన్నీళ్ళు కొలుచుకునే ఏడుస్తుందని పక్కింటి వెల్డరు ఎగతాళి చేసేవాడు, ఆవిడకు వినపడనంత దూరంలో నిలబడి.

కొలతమ్మ గుమ్మంలోకి వచ్చింది. వంగి కప్పను అరచేతిలోకి తీసుకుని వెల్లకిలా తిప్పి చూసింది. ఏడాది మొత్తంలో ఆవిడ ముఖం విప్పారేది ఈ ఒక్కరోజే.

కప్ప లేచిందంటే రెండు పొద్దులు తిరగకుండా వాన పడుతుంది. ఆ వాన పడకముందే తొట్టి ఖాళీ చేసి, అడుగున చేరిన పూడిక ఎత్తిపోసి, గోడలు తోమి పెట్టుకోవాలి. ఇది కొలతమ్మ పద్ధతి. ఒకే ఒక్క ఏడాది, ఇంకొక్క రోజు చూద్దామని మామగారు ఆపారు. ఆ సాయంత్రమే కుండపోతగా కురిసింది. కొత్తనీరు పాత బురదలో కలిసి కుళ్ళింది. పదకొండుమంది మంచం పట్టారు, ముగ్గురు లేవలేదు. ఆ ముగ్గురిలో మామగారు ఒకరు. అప్పటినుంచి కప్ప లేచాక కొలతమ్మ ఎవరి మాటా వినలేదు.

మామూలుగా ఈ పని వచ్చేసరికి తొట్టిలో ఒకటో రెండో గంట్ల నీళ్ళు ఉంటాయి, పారబోసినా మనసుకు పట్టదు. ఈసారి తొమ్మిది గంట్లున్నాయి. వానకాలానికి ఇంకా నలభై రోజులుంది. కోడలు ఆ మాటే మెల్లగా అంది.

"క్యాలెండరు నువ్వు చూసుకో అమ్మాయ్. నేను కప్పను చూసుకుంటాను" అని కొలతమ్మ కర్ర తీసుకుని బయల్దేరింది.

ఆ రోజు క్వారీకి సెలవు. నీళ్ళు వదులుతున్నారన్న కబురు నిప్పుకంటే వేగంగా పాకింది. ఆరు బిందెల లెక్క ఎత్తేశారని తెలిసి గిన్నెలు, గంగాళాలు, పిల్లల పాలసీసాలు కూడా తొట్టి దగ్గరకు చేరాయి. రెండు గంటల్లో వీధి తడిసింది. నెలల తరబడి ఉతకని దుప్పట్లు, తెరలు, పరుపుల మీద గలీబులు తాళ్ళమీదకెక్కాయి. ఈరోజు ఒంటిమీది మురికంతా వదిలించి తన అసలు రంగేమిటో చూసుకుంటానన్నాడు వెల్డరు. చూసి నువ్వే జడుసుకుంటావని అతని భార్య అంటే అందరూ నవ్వారు.

కోడలికి నవ్వు రాలేదు. డిగ్రీలో జంతుశాస్త్రం చదివిన మనిషి. ఏడేళ్ళ కిందట కాపురానికి వచ్చినప్పుడు ఈ నేల చచ్చిపోయినట్టే కనిపించింది. చూడగా చూడగా అర్థమైంది, ఇక్కడ చావలేదు ఏదీ, బతుకును దాచుకుందంతే. ముళ్ళపొద ఆకులు రాల్చుకుని కాండంతోనే వంట చేసుకుంటుంది. ఇసుకలో గింజలు తమ ఒంటికి తామే చేదు పూసుకుంటాయి. చిన్న చినుకుకు ఆ చేదు పోదు, గట్టి వాన పడి కడిగితేనే మొలక. ఎలుక జన్మలో నీళ్ళు తాగదు, తిన్న గింజలోంచే తడి పిండుకుంటుంది. ఎవరి లెక్క వాళ్ళది. ఎవరూ తొందరపడరు.

ఆమె ఇంటి వెనక్కి నడిచింది. వానకు ముందు చీమలు గుడ్లు నెత్తిన పెట్టుకుని పుట్ట పైకి తరలిస్తాయి, కన్నం చుట్టూ మట్టికట్ట కట్టుకుంటాయి. ఇవాళ ఎప్పట్లాగే బారుకట్టి గింజలు లోపలికి మోస్తున్నాయి. గాలిలో తడి తగిలితే చాలు, ముళ్ళపొద కణుపులు ఉబ్బుతాయి. గిల్లి చూస్తే పుల్ల విరిగింది. బల్లి బండమీద ఎండకు ఒక్కో కాలే ఎత్తుతూ దించుతూ నిలబడింది. ఇన్ని ప్రాణులకు తెలియని వాన కప్పకొక్కదానికే ఎవరు చెప్పారు?

పైన గద్దలు చేరుతున్నాయి. రెండు, అయిదు, ఆ తర్వాత లెక్క తప్పింది. అవి వీధిలోకి వాలి, కప్పను తన్నుకుపోయి, మళ్ళీ వాలుతున్నాయి. పిల్లలు చప్పట్లు కొడుతున్నారు.

గుమ్మం దగ్గరి కప్ప అప్పటికే ఎండకు ముడుచుకుపోయింది. జాలేసి కోడలు దాన్ని లోపలికి తెచ్చి, పళ్ళెంలో వేలు లోతు నీళ్ళుపోసి వదిలింది. వంటగది నిశ్శబ్దంగా ఉంది. పళ్ళెంలో నీళ్ళు వణికాయి.

కప్ప కదిలిందనుకుంది. కదల్లేదు. నీళ్ళమీద సన్నటి వలయం పుట్టి అంచుకు తగిలింది. ఇంకొకటి. ఇంకొకటి. తర్వాత ఏమీ లేదు. ఊపిరి బిగబట్టి నిలబడితే, ముప్ఫై అంకెలు లెక్కపెట్టేసరికి మళ్ళీ మూడు వలయాలు. మూడోదానికి కప్ప గొంతు ఉబ్బింది.

ఎప్పుడో పరీక్షకు బట్టీపట్టిన వాక్యం ఒకటి ఆమెకు గుర్తొచ్చింది. ఈ జాతి కప్పను నిద్రలేపేది తడి కాదు. వాన మోతకు నేల గంటల తరబడి అదురుతుంది, ఆ అదురే దానికి పిలుపు.

గదిలో భర్త కళ్ళకు మోచెయ్యి అడ్డం పెట్టుకుని నిద్రపోతున్నాడు. క్వారీ పని మానేసి నెల కిందట కొత్త పనిలో చేరాడు. కొండ అవతల ఒక కంపెనీవాళ్ళు నేలలో ఏముందో వెతుకుతున్నారు. పెద్ద బండికి బిగించిన ఇనుప దిమ్మెతో నేలను మోది, లోపలినుంచి తిరిగొచ్చే అదురును యంత్రాలతో వింటారు. రోడ్డుపని దిమ్మిసను చూసినవాళ్ళు దాన్నీ దిమ్మిసే అన్నారు. అతను రాత్రి డ్యూటీ డ్రైవరు.

లేపి, బండి ఎక్కడిదాకా వచ్చిందని అడిగింది. కొండ దాటి నాలుగు రోజులైందనీ, తెల్లవారుజామున ఎండువాగు ఒడ్డున పగటి డ్రైవరుకు అప్పగించి వచ్చాననీ చెప్పాడు. కొట్టాల్సిన చోట్లకు గుర్తుగా నాటిన జెండాలను రోజుకు ఒకటి చొప్పున దాటుతూ కాలనీ వైపే జరుగుతున్నారు. మూడు దెబ్బలు, ఆపి మళ్ళీ మూడు దెబ్బలు.

"ఇంకా ఎన్నాళ్ళు కొడతారండీ?"

"కింద ఏముందో తెలిసిందాకా."

ఆమె పళ్ళెం తెచ్చి మంచంమీద పెట్టింది. చెప్పాల్సిన పని లేకపోయింది. అతను నీళ్ళను చూశాడు, కప్పను చూశాడు, కిటికీలోంచి తడిసిన వీధిని చూశాడు. 

"అమ్మ తూము ఎత్తించిందా?"

ఆమె అప్పటికే గుమ్మం దాటి పరుగెత్తింది.

తూము ఎత్తేశారు. జనం తెచ్చిన పాత్రలన్నీ నిండాక, మిగతా నీళ్ళు మనిషి నడుమంత గొట్టంలోంచి పల్లానికి దూకుతున్నాయి. ఇసుక వాటిని చప్పుడు లేకుండా మింగుతోంది, తడి మచ్చ కూడా పది బారలకు మించి పాకడం లేదు. కొలతమ్మ గట్టుమీద నిలబడి, పూడిక ఎత్తేందుకు తట్టలు ఎన్నున్నాయో అడుగుతోంది.

కోడలు ఆవిడ మణికట్టు పట్టుకుంది. నలుగురిలో కొలతమ్మ చెయ్యి పట్టి లాగినవాళ్ళు అంతకుముందు లేరు. నాలుగు అడుగుల్లో ఉన్న బండ దగ్గరకు తీసుకెళ్ళి అరచెయ్యి దానిమీద పెట్టమంది. కొలతమ్మ ఒకసారి కోడలి ముఖం చూసింది. వంగి చెయ్యి ఆనించింది.

మూడు అదుర్లు. ఆగడం. మళ్ళీ మూడు.

"క్వారీలో మందు పేలుస్తున్నట్టున్నారు" అంది.

"క్వారీకి ఇవాళ సెలవు అత్తయ్యా. ఇది దిమ్మిస. మీ అబ్బాయి నడిపే బండి. ఎండువాగు దాకా వచ్చిందట."

కొలతమ్మ చెయ్యి తీయలేదు. కళ్ళు మాత్రం గట్టు కింద, ఎండలో ఒకదానిమీద ఒకటి పడిపోతున్న కప్పలవైపు వెళ్ళాయి.

"ముప్ఫై ఏళ్ళలో కప్ప నన్ను మోసం చెయ్యలేదే అమ్మాయ్."

"ఇప్పుడూ చెయ్యలేదు అత్తయ్యా. మోసపోయింది కప్పే."

పక్కనే నీళ్ళు పారుతున్న చప్పుడు. కొలతమ్మ ఇంకో మూడు దెబ్బలు విన్నది. అప్పుడు లేచి, మామూలు గొంతుతోనే వెల్డరును తూము దించమంది.

అతను వేళాకోళం అనుకున్నాడు. రెండోసారి చెప్పాక ఇనుపరేకు పట్టుకుని నొక్కాడు. అది దిగలేదు. కొట్టుకొచ్చిన బురద గాడిలో బిగుసుకుంది. ఇద్దరు మగవాళ్ళు మీదెక్కి తొక్కారు. సుత్తి తెచ్చారు. చివరికి రేకు వంకరగా దిగి, నీళ్ళు దారంలా కారడం దగ్గర ఆగాయి.

కొలతమ్మ కర్ర దించింది. పైకి తీసి తడి ఎక్కడిదాకా ఉందో వేలితో తడిమింది. కళ్ళమీద నమ్మకం లేనట్టు మళ్ళీ దించింది. మూడు గంట్లు. ఒక్కో గంటు అయిదు రోజులు.

వెల్డరు చేతులు తుడుచుకుంటూ, నీళ్ళు పోతుంటే ఆవిడకు ప్రాణం పోతున్నట్టుంటుందనీ, రేపు వాన పడ్డాక మనమే నవ్వుకుంటామనీ అందరితో అంటున్నాడు. అంతలో వీధి అవతలి చివర పిల్లలు అరిచారు. అక్కడ నేల పొక్కులు పొక్కులుగా పగిలి ఇంకో వరస కప్పలు పైకి వస్తున్నాయి. జనం హుషారుగా అటు తిరిగారు.

కొలతమ్మ కోడలి పక్కకు వచ్చి తగ్గు గొంతుతో అడిగింది. "వాన లేకుండా ఇవి ఎన్నాళ్ళు బతుకుతాయి?"

"తిరిగి తవ్వుకునే బలం ఉండదు. ఒంట్లో దాచుకున్న కొవ్వు ఉన్నంతవరకే. నీడ దొరికినవి పది రోజులేమో."

"మనకు పదిహేను" అంది కొలతమ్మ.

 దిమ్మిస మాట ఎత్తితే నలభై ఇళ్ళూ తన భర్తమీద పడతాయని కోడలికి తెలుసు. ఆ మాట ఆమె మనసులోనే ఉంది, అత్తగారు ముఖంలో చదివింది.

"వాడి సంగతి తర్వాత. తూము ఎత్తమన్నది నేను. పిలువు అందర్నీ."

వచ్చారు. కొందరి చేతుల్లో ఇంకా ఖాళీ బకెట్లున్నాయి. కొలతమ్మ తొట్టి మూతమీదకెక్కి, వాన రావడం లేదని చెప్పింది. మరి కప్పలు ఎందుకు లేచాయో చెప్పింది. తొట్టిలో ఎంత మిగిలిందో, అది ఎన్ని రోజులో, ఎన్ని రోజులు కావాలో చెప్పింది. పొరపాటు తనదని చెప్పి ఆగింది. నవ్వుతూ విన్నవాళ్ళు మెల్లగా నవ్వు ఆపారు. నమ్మనివాళ్ళు వెళ్ళి బండమీద చెయ్యి పెట్టి, తిరిగొచ్చి నిలబడ్డారు. వెల్డరు తలలోని నీళ్ళు ఇంకా మెడమీదకి కారుతున్నాయి. అతను వాటిని తుడుచుకోవడం మానేశాడు.

గొడవ జరుగుతుందని కోడలు ఎదురుచూసింది. జరగలేదు, అదే భయపెట్టింది. ముందుగా కదిలింది వెల్డరు భార్య. గబగబా తాడు దగ్గరకు నడిచి, ఆరేసిన దుప్పటి లాగి, గంగాళం మీద పట్టుకుని మెలితిప్పింది. ఆమెను చూసి ఇంకొకరు, ఆ తర్వాత వీధంతా. పొద్దున్నుంచి ఆరేసిన ప్రతి బట్టనూ ఆడా మగా దించి పిండుతున్నారు. ఎండ అప్పటికే సగం తాగేసింది. కోడలు కూడా తన గలీబు తీసి, బలమంతా పెట్టి పిండింది. సబ్బువాసనతో నాలుగు చుక్కలు రాలాయి.