ఖాళీ అనుకున్న చోటు

గాలి వేగం గంటకు నలభై మూడు కిలోమీటర్లని కంట్రోల్ రూమ్ గోడ మీద ఎర్ర అంకెలు చెబుతున్నాయి. యాభై దాటితే రేడియో టెలిస్కోప్ ఆపేయాలి. ఆపే మీట ఆమె బావ చేతిలో ఉంది. అక్క మొగుడే, కానీ డ్యూటీలో ఆయన దగ్గర చుట్టరికాలు చెల్లవు.

ఆమెకు ఇంకా పన్నెండు నిమిషాలు కావాలి.

ఒక దూరపు గెలాక్సీలో చల్లని వాయువు లేదని, ఇక కొత్త నక్షత్రాలు పుట్టవని పదేళ్ళ క్రితం తేల్చింది ఆమే. డాక్టరేటు దాంతోనే వచ్చింది, ఈ ఉద్యోగమూ దాంతోనే. కొలిచే పద్ధతి తేలికే. టెలిస్కోప్ డిష్ కాసేపు గెలాక్సీని వింటుంది, కాసేపు పక్కనున్న ఖాళీ చోటును వింటుంది. మొదటి దాంట్లోంచి రెండోది తీసేస్తే మిగిలేది గెలాక్సీ గొంతు. పిండి తూచేటప్పుడు గిన్నె బరువు తీసేసినట్టన్నమాట. ఈ ఉదయం పాత గ్రాఫులు తిరగేస్తుంటే ఆమెకు తప్పు కనిపించింది. తను ఎంచుకున్న ఖాళీ చోటు గెలాక్సీకి మరీ దగ్గర. వాయువు అక్కడిదాకా పరుచుకుని ఉంటే గిన్నెలోనూ పిండి ఉన్నట్టే కదా! ఉన్నదాన్ని తనే తీసేసి, లేదని రాసింది. అంత చదువు చదివి చేసిన నిర్వాకం ఇది.

మూడింటికి పై అంతస్తులో సమావేశం. అక్కడ ఆ గెలాక్సీ పేరు ఇకముందు గమనించాల్సినవాటి జాబితాలోంచి కొట్టేస్తారు. ఆ తర్వాత దానివైపు డిష్ తిప్పేవాళ్ళుండరు. అందుకే ఇవాళ బాగా దూరంగా మరో ఖాళీ చోటు ఎంచుకుని మళ్ళీ కొలుస్తోంది.

"నలభై ఏడు," అన్నాడు బావ. "ఏం మరదలా, ఆపేయనా? గాలి వల్ల కొలవడం కుదరలేదంటే నిన్ను అడిగేవాళ్ళెవరు?"

నిజానికి ఆమె మనసులోనూ అదే ఉంది. అందుకే ఒళ్ళు మండిపోయింది.

"యాభై రాలేదుగా బావా!"

"రాలేదులే. వస్తే మాత్రం మీ అక్క వచ్చి కాళ్ళు పట్టుకున్నా ఆపుతాను."

తెర మీద గీత సన్నగా వణుకుతోంది. నిమిషాలు గడిచేకొద్దీ వణుకు తగ్గి, మధ్యలో ఏదో చిన్నగా ఉబ్బింది. ఆ ఉబ్బు నిలిస్తే అక్కడ వాయువు ఉన్నట్టే, ఆమె తప్పు చేసినట్టే. అది పెరగకూడదని ఒక క్షణం, పెరగాలని ఒక క్షణం కోరుకుంది.

అలారం మోగింది. యాభై ఒకటి. బావ మీట నొక్కేశాడు. ఇంకా రెండు నిమిషాలు మిగిలే ఉన్నాయి.

"ఏమైనా తేలిందా?"

తేలలేదంటే సరిపోతుంది. రెండు నిమిషాలు తక్కువ పడ్డాయంటే నమ్మని వాళ్ళుండరు. కానీ ఆ ఉబ్బు గోరంత ఎత్తున, స్పష్టంగా కళ్ళెదుటే ఉంది. సిగ్గుతో ఆమె చెవులు వేడెక్కాయి. అంతలోనే, ఆ సిగ్గులోంచే, పట్టరాని సంతోషం వచ్చి కళ్ళు నిండాయి.

"బతికే ఉంది బావా. పదేళ్ళుగా నేనే చంపేసి పెట్టాను."

ఆయన తల తిప్పి గడియారం చూశాడు. మూడింటికి ఇంకా నాలుగు నిమిషాలుంది. ఆమె గ్రాఫు ప్రింటు తీసుకుని మెట్లవైపు పరుగెత్తుతుంటే, వెనక ఆయన పై అంతస్తుకు ఫోను చేసి చెప్పడం వినిపించింది.

"ఆ పేరు ఇప్పుడే కొట్టేయకండి. మా మరదలు వస్తోంది."