చిన్నకొడుకు చేతి చిలగడదుంప

మా మరిది వంట చేస్తానని చొక్కా చేతులు మడిచాడు. యుద్ధానికి వెళ్లేవాడు కూడా అంతసేపు సిద్ధం కాడు.

మామగారికి జబ్బు చేసి మూతి ఒక పక్కకు లాగేసినప్పటి నుంచి తిండి సరిగా దిగడం లేదు. పొద్దున నర్సు వచ్చి చూసి, "రేపటికి కూడా నోటితో తినకపోతే ముక్కులోంచి గొట్టం వెయ్యాల్సిందే అక్కా" అంది. "ఏది పెట్టినా మెత్తగా ఉండాలి. పీచు, ఆకు, పలుకు ఏదీ తగలకూడదు. పొలమారితే ప్రమాదం."

ఆ మాటలు మరిది కూడా విన్నాడు. విన్నాడంటే, ఫోను చూసుకుంటూ తలూపాడు.

గొట్టం అనగానే మామగారు దుప్పటిని పిడికిట్లో బిగించారు. అంత భయం ఉన్న మనిషి నోరు తెరవచ్చు కదా. తెరవరు. పెళ్లయి వచ్చిన నాటి నుంచీ నా వంటంటే ఆయనకు చులకన. ఒంట్లో బాగున్నప్పుడు కంచం పక్కకు తోసేవారు, ఇప్పుడు పెదవులు బిగిస్తున్నారు. అంతే తేడా.

"నువ్వు తప్పుకో వదినా. చిలగడదుంప మెత్తగా ఎలా చెయ్యాలో వీడియోలో చూశాను" అన్నాడు మరిది.

తప్పుకున్నాను. ఆ ఘనకార్యం కళ్లారా చూద్దామని గుమ్మంలో నిలబడ్డాను. తొక్క తీస్తున్నానని సగం దుంప చెత్తబుట్టలో వేశాడు. మిగిలింది ముక్కలు కోసి, గిన్నె నిండా నీళ్లు పోసి ఉడికించాడు. దుంపలో తీపంతా నీళ్లలోకి దిగితే ఆ నీళ్లు సింకులో పారబోశాడు. నీరుపట్టిన ముక్కల్ని మిక్సీలో తిప్పి తిప్పి జిగురు చేశాడు. గోడకు కాగితాలు అంటించుకోవడానికి బ్రహ్మాండంగా పనికొస్తుంది. పైన పుదీనా, కొత్తిమీర కాడలతో సహా చల్లి, గిన్నెను కిటికీ దగ్గర పెట్టి ఫొటో తీసుకున్నాడు.

"ఆకులు వద్దంది కదయ్యా నర్సు" అన్నాను.

"ఆకులు లేకపోతే వాసనెక్కడిది? నీకు రుచుల సంగతి తెలీదులే వదినా."

తండ్రి పక్కన కూర్చుని, "నాన్నా, నేనే చేశాను" అన్నాడు. మామగారి మొహం వెలిగింది. వెంటనే నోరు తెరిచారు. జిగురు అంగిట్లో అతుక్కుంది, పుదీనా ఆకు గొంతుకు అడ్డం పడింది. ఆయన కళ్లు తేలేశారు. నేనే పరుగెత్తి ఆయన్ని ముందుకు వంచి వీపు చరిస్తే ఆకు బయటపడింది. మా వంటల పండితుడు అప్పటికే వరండాలో ఉన్నాడు. ఇలాంటివి చూసి తట్టుకోలేడట.

నాకు ఒళ్లు మండిపోయింది. వంటింట్లోకి వెళ్లి దుంపల్ని తొక్కతోనే ఆవిరి మీద ఉడికించాను. వేడిగా ఉండగానే తొక్క వలిచి, జల్లెడ మీద వేసి చెంచా వెనక వైపుతో నొక్కాను. పీచు పైన మిగిలింది, గుజ్జు కిందికి దిగింది. సన్నని మంట మీద వెన్న కరిగించి, నలిపిన పుదీనా, కొత్తిమీర, ఒక వెల్లుల్లి రెబ్బ అందులో కాసేపు ఉంచి వడగట్టాను. ఆకులు చెత్తలోకి, వాసన వెన్నలోకి. ఆ వెన్న, చిటికెడు ఉప్పు గుజ్జులో కలిపాను. ఇదేం బ్రహ్మవిద్య కాదు. చెప్పింది చెవిన పెడితే ఎవరికైనా వస్తుంది.

మామగారు అలసిపోయి కళ్లు మూసుకుని ఉన్నారు. చెంచా పెదవి దగ్గర పెట్టాను. వాసన తగిలి నోరు కొంచెం తెరిచారు. మింగారు. పొలమారలేదు. ఇంకో చెంచా కూడా మింగారు. తరువాత కళ్లు తెరిచి నన్ను చూసి, ముద్దమాటలతో, "బాగుంది. చిన్నాడు... మళ్లీ చేశాడా?" అని అడిగారు.

నేను చేశానన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆయన నోట ఆ 'బాగుంది' నా పేరు మీద వినాలని నాకు ఇన్నేళ్లుగా ఆశ. ఎందుకు దాచుకోవాలి, చచ్చేంత ఆశ. కానీ చెబితే ఆ పెదవులు మళ్లీ బిగుసుకుంటాయి. ఆ పంతం నాకు తెలియనిది కాదు. రేపు నర్సు గొట్టం పట్టుకుని వస్తుంది.

"అవును మామయ్యగారూ. మీ చిన్నబ్బాయే చేశాడు."

వరండాలోంచి మరిది తల లోపలికి పెట్టి, "రేపు కూడా చేస్తాలే నాన్నా" అన్నాడు.

"వాడి చెయ్యి... వేరు" అన్నారు మామగారు నాతో. "చూసి నేర్చుకో."

"అలాగే" అన్నాను. ఆయన మళ్లీ నోరు తెరిచారు.