కొత్త గుడ్డ మీద ఆట

మా బావ ఆటను నేను సరుకులాగే చూసేవాణ్ణి. సరుకు మేలైనదే. కాకపోతే ఒక్క అంగట్లోనే చెల్లేది.

బావ పనిచేసే మిల్లు మూతపడ్డాక అక్కా బావా నా బిలియర్డ్స్ హాలు మేడగదిలోనే ఉంటున్నారు. బావ పొద్దంతా కింద నా టేబుల్ మీదే ఆడేవాడు. దాని పచ్చగుడ్డ అరిగి నూగు లేచింది. బంతులకు చేతి జిడ్డు, కర్ర మొనకు రాసే సుద్దపొడి. అలాంటిచోట బంతి గుడ్డను పట్టుకుని, అంచు రబ్బరుకు తగిలాక ముడుచుకుని దగ్గరగా తిరిగొస్తుంది. కొత్త గుడ్డ మీద తుడిచిన బంతి జారుతుంది, తగిలాక వెడల్పుగా పోతుంది. బావ లెక్కలన్నీ పాతగుడ్డ లెక్కలు.

పెద్ద క్లబ్బులో ఆట నేర్పే ఉద్యోగం ఖాళీ అయింది. వడపోతలో ఇద్దరు మిగిలారు, బావా, ఒక బట్టతలాయనా. గెలిచినవాడికి ఉద్యోగంతోపాటు క్లబ్బు వెనకే ఇల్లు.

"బావా, కాస్త ముందెళ్లి నాలుగు బంతులు కొట్టి చూసుకో. అక్కడ కొత్త గుడ్డ వేశారు."

"పోటీ టేబుల్‌ని ముందే తాకడం మా గురువు దగ్గర దొంగతనం కింద లెక్క. ఆయన శిష్యులెవరూ ఆ పని చెయ్యరు."

"మూట విప్పి చూడకుండా నేను సరుకు కొనను."

"అందుకే నువ్వు షావుకారువి, నేను ఆటగాణ్ణి."

"ఆటగాడు బావమరిది మేడ మీద ఉంటున్నాడు మరి!"

బావ నవ్వాడు. అక్క నవ్వలేదు.

పోటీ మొదలయ్యాక బావ కొట్టిన ప్రతి బంతీ అంచుకు తగిలి అనుకున్నదానికంటే జానెడు అవతలికి పోయింది. బావ చూస్తూ నేర్చుకున్నాడు. ఆడేకొద్దీ బంతులకు సుద్ద పట్టింది, చూపు కుదిరింది, పాయింట్లు దగ్గరపడ్డాయి. విరామం ఇచ్చారు.

"బంతులు ఓసారి తుడవండి," అన్నాడు బట్టతలాయన. నియమం ప్రకారం అడగొచ్చు. పాయింట్లు చెప్పే మార్కరు మెత్తటి బట్టతో మిలమిలలాడేదాకా రుద్దాడు. బావ మొహం చూశాను. బేరం కుదిరాక ధర మారితే కొనేవాడి మొహం అలాగే ఉంటుంది.

చివరికి బావకు ఒక్క దెబ్బ మిగిలింది, తగిలితే గెలుపు. తెల్లబంతి అవతలి అంచుకు తగిలి వెనక్కొచ్చి ఎర్రబంతిని ముట్టుకోవాలి. బావ గురిని వేలెడు జరిపి కొట్టాడు. ఆ వేలెడు చాల్లేదు. తెల్లబంతి ఎర్రబంతి పక్కనుంచి వెంట్రుకవాసిలో దాటిపోయింది.

సెక్రటరీ వచ్చి బట్టతలాయన చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లాడు. బావ బంతుల్ని మళ్లీ అవే చోట్ల పెట్టి కొట్టాడు. తగిలింది. మళ్లీ కొట్టాడు. తగిలింది.

"చూశావా, పట్టేశాను."

"పట్టేశావు. బజారు లేచిపోయింది."

"పెద్దాయనా, టేబుల్ కప్పెయ్యాలి," అన్నాడు మార్కరు.

బావ జేబులో ఫోను మోగింది. చూసి నా చేతిలో పెట్టాడు. "మీ అక్క. నువ్వే చెప్పు."

"నేనెందుకు?"

"నష్టం మాట చెప్పడం నీకు అలవాటే కదా."

ఫోను చెవి దగ్గర పెట్టుకుని, "అక్కా, నేను," అన్నాను.

"ఏరా, సామాను మోసే మనుషుల్ని పిలిచాను," అంది అక్క. "ముందు మంచం దించమననా, బీరువానా?"

"రెండూ అక్కడే ఉంచక్కా," అన్నాను.