గోడ కింది మట్టి

బాపూ ఎప్పుడు పెద్దవాడవుతాడని నన్ను అడగని మనిషి ఈ సాతారాలో లేడు. కూరల సంతలో అడుగుతారు, బస్సులో అడుగుతారు. పళ్ల డాక్టరైతే నా నోట్లో చెయ్యి పెట్టి మరీ అడిగాడు. వాళ్లమ్మాయి ఆ సంగతి తేలే మూడో భాగం కోసం ఇల్లు పీకి పందిరేస్తోందట. నాకు అరవై ఆరేళ్లు. మోకాళ్లు మాట వినవు, కళ్లు ఆనవు. పొద్దున లేచి కలం పట్టుకునేసరికే తల ప్రాణం తోకకొస్తుంది. అయినా అందరికీ జవాబు చెప్పుకోవాలి.

నేను పిల్లల కోసం కోటల కాలం నాటి నవల రాస్తున్నాను. రెండు భాగాలు అచ్చయ్యాయి. అందులో గోదా అని ఒక అక్క, బాపూ అని ఆమె తమ్ముడు. వాళ్ల నాన్న కోట కావలివాడు. మట్టితో ఆటకోట కడదామని బాపూ అసలు కోట బురుజు అడుగున మెత్తటి మట్టి తవ్వుతాడు. వానలకు బురుజు కూలుతుంది, శత్రువులు లోపలికి వస్తారు. అక్కణ్నుంచి గోదా ఎదుగుతూనే ఉంది. గుర్రం ఎక్కింది, వేగుల వార్తలు మోసింది, అడవిలో ఒంటరిగా మూడు రాత్రులు గడిపింది. బాపూ మాత్రం మూడువందల పేజీలుగా ముక్కు చీదుకుంటూ అక్క కొంగు పట్టుకుని తిరుగుతున్నాడు.

"మేడమ్, అక్కకి పదహారొచ్చాయి. తమ్ముడు మాత్రం ఎనిమిదేళ్ల దగ్గరే ఉండిపోయాడు" అన్నాడు నా పుస్తకాలు వేసే కుర్రాడు ప్రథమేశ్, ఫోన్లో. "మూడో భాగంలోనైనా వాణ్ణి కాస్త కదపండి. పిల్లల ఉత్తరాలన్నీ వాడి గురించే."

"కొందరు కదలర్లేవయ్యా" అని పెట్టేశాను. నిజానికి ఎన్నిసార్లో కూర్చున్నాను కదపడానికి. వాణ్ణి పెద్ద చేయాలంటే ముందు ఆ బురుజు సంగతి తేల్చాలి. అక్కడికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోయేది.

దీపావళికి పదిరోజులుందనగా మా తమ్ముడు ధోండిరామ్ కరాడ్ నుంచి దిగాడు. ప్రతి ఏడూ అంతే. దీపావళికి ఇక్కడ పిల్లలు వాకిట్లో బొమ్మకోట కడతారు; వీధిలో అందరికీ అది కట్టించేది వాడే. ఇటుకలు, రాళ్లు పేర్చి, బురదలో ముంచిన గోనెలు కప్పి, వాటి మీద ఆవాలు చల్లి మొలకలు రప్పిస్తాడు. మట్టి సిపాయిలను నిలబెట్టి, పైన సింహాసనం మీద మహారాజును కూర్చోబెడతాడు. బస్సు డిపోలో ముప్పయ్యేళ్లు నట్లు బిగించిన చేతులవి. ఈ వీధికి నేను యమూతాయిని, అంటే యమూ అక్కను; వాడు ధోండూమామ, నాకు ధోండ్యా.

వాడికో చాదస్తం ఉంది. మట్టి తవ్వడు. తవ్వనివ్వడు. ఇటుకబట్టీ దగ్గర్నుంచి గోతాలకెత్తించి టెంపోలో తెప్పిస్తాడు. ఏ పిల్లవాడైనా గునపం పట్టుకుని ప్రహరీ వైపు వెళ్లాడో, అయిపోయాడే!

"ఒరేయ్, ఇటు రా! గోడ దగ్గర గునపం దింపితే కాళ్లు విరగ్గొడతా!"

పిల్లలు పడీపడీ నవ్వేవాళ్లు. నేనూ నవ్వేదాన్ని. ఇన్నేళ్లు నవ్వాను, సిగ్గులేకుండా.

ఆ రోజు నేను వసారాలో పండక్కి తీపి శంకర్‌పాళీ చేద్దామని పిండి ముక్కలు కోస్తున్నాను. వాకిట్లో ధోండ్యా గోనెకు బురద మెత్తుతున్నాడు. వాడు మూడో తరగతి దాటలేదు, చదవడమంటే చిరాకు. పక్కింటి ఋతుజా మెట్టు మీద కూర్చుని నా రెండో భాగం పైకి చదివి వినిపిస్తోంది. పదేళ్లది, నోరు మాత్రం నలభై ఏళ్లది.

"మామా, గోదా వాడికి ఒక్క పనీ చెప్పదేంటి? నేనైతే కనీసం గుర్రానికి గడ్డెయ్యమంటా. ఊరికే ఏడుస్తూ తిరగనిస్తుందా!"

"ఏం చెప్తుందే పిచ్చిపిల్లా. కోట కూల్చిన వెధవ వాడు. వాడు ఎదగడు. నాకు తెలుసు."

"నీకెలా తెలుసు?"

"నేనూ కూల్చాగా" అన్నాడు ధోండ్యా, గోనె ముడత సరిచేస్తూ. "చిన్నప్పుడు. మా ఆయీ కాలు పోయింది, కన్నతల్లి కాలు. మీ తాయినడుగు, చెప్తుంది."

నా చేతిలో కత్తి పిండిలో దిగబడిపోయింది.

అప్పుడు నాకు పదకొండు, వాడికి ఎనిమిది. వీధిలో అందరికంటే పెద్ద కోట మాదే కావాలని నాకు పంతం. గోనెలకు పట్టే జిగురు మట్టి మా పశువుల కొట్టం గోడ కింద తప్ప ఎక్కడా లేదు. మూడు రోజులు తవ్వాను. వాడు తట్ట మోశాడు. ఆఖరి సాయంత్రం ఏదో కందకానికి చాల్లేదని వాడు రెండు గుప్పెళ్లు తీశాడు, అంతే. పండగ వెళ్లిన నాలుగో రోజున అకాల వాన పడింది. ఆయీ పాలు పితుకుతుండగా గోడ ఆమె కాలి మీద కూలింది. "ఎవరు తవ్వారు?" అని నాన్న కర్ర పట్టుకున్నాడు. నేను తమ్ముడి వైపు తిరిగి, "నువ్వే కదరా తవ్వావు?" అన్నాను. వాడు తన చేతులు చూసుకున్నాడు. "అవును" అన్నాడు. మర్నాడే వాణ్ణి బడి మాన్పించి కరాడ్‌లో మేనమామ చెరుకుతోటకు పంపేశారు. నేను చదువుకున్నాను. నా కోసం వాడు తెలిసే నెత్తినేసుకున్నాడనీ, మా మధ్య అదొక మాటలేని ఒప్పందమనీ ఇన్నేళ్లూ అనుకున్నాను. ఆ ధైర్యంతోనే బురుజు తప్పు బాపూ మీద వేశాను.

"ఋతుజా, ఇంటికెళ్లి ఆవాలు నానబెట్టి రా" అన్నాను.

"ఇప్పుడేగా మంచి చోటికొచ్చింది!"

"వెళ్లవే తల్లీ."

అది మూతి ముడుచుకుని వెళ్లింది.

"ధోండ్యా."

"ఊఁ."

"ఆ గోడ కింద ఎన్ని తట్టలు తవ్వావు?"

"పండగపూట అదెందుకు తాయీ?"

"చెప్పు."

బురద చేతులు ఆగాయి. "రెండు గుప్పెళ్లు గుర్తున్నాయి. మిగతాది నువ్వు చెప్పావుగా."

ఆ నిజాన్ని అప్పుడు మింగితే ఇక చచ్చేదాకా మింగడమే. "తవ్వింది నేనురా. మూడు రోజులు నేనే తవ్వాను. నువ్వు మోశావంతే. నీకు తెలుసనుకున్నాను. తెలిసే ఒప్పుకున్నావనుకున్నాను."

"నాకు ఎనిమిదేళ్లు తాయీ" అన్నాడు నెమ్మదిగా. "అక్క చెప్పింది. నిజమనుకున్నాను."

వాకిట్లో ఎండ ఉంది. వాడి వేళ్ల మీద బురద ఎండి పగుళ్లిస్తోంది.

"ఆయీకి తెలుసా?"

"తెలీదు."

"ప్రతి ఆదివారం బస్సెక్కి వచ్చి ఆ కాలికి నూనె రాసేవాణ్ణి. ఇరవై రెండేళ్లు, ఆవిడ పోయేదాకా. 'పోనీలేరా, చిన్నపిల్లాడివి' అనేది. నువ్వు పక్కగదిలో రాసుకుంటూ ఉండేదానివి."

"అవును."

ఏడుద్దామన్నా కళ్లల్లో చెమ్మ రాలేదు. అలసట, ఒట్టి అలసట.

వాడు లేచాడు. పెరట్లోకి వెళ్లి, గోడకు దూరంగా జామచెట్టు దగ్గర గునపం దింపాడు. ఋతుజా ఆవాల గిన్నెతో తిరిగొచ్చి, "ధోండూమామ తవ్వుతున్నాడోయ్!" అని వీధంతా కేకేసింది. పిల్లలు గోడెక్కి చూశారు. ఆ వయసులో, రొప్పుతూ, నాలుగు తట్టలు తవ్వాడు. ఒక్కసారి కూడా నా వైపు తిరగలేదు.

కోట పూర్తిచేశాడు. మహారాజును పిల్లల చేత పెట్టించాడు. పండగ ఇంకా రెండు రోజులుండగానే సంచి భుజానేసుకున్నాడు. వాకిలి దగ్గర ఆగాడు.

"ఇప్పుడు పుస్తకంలో నిజం రాస్తావా?"

"రాస్తాను. గోదా వాడికి చెప్పేస్తుంది."

"అయితే వాణ్ణి పెద్దవాణ్ణి చెయ్యి. ఏదో ఒక పని నేర్పించు." సంచి పట్టీ సర్దుకున్నాడు. "బాపూ వెంటనే క్షమించేశాడని మాత్రం రాయకు తాయీ. పిల్లలు నమ్మేస్తారు."

దీపావళి వెళ్లి నెల దాటింది. అందరి వాకిళ్లలో కోటలు తీసేశారు. మాది అలాగే ఉంది. ఆవాల మొలకలు ఎండి పసుపురంగుకు తిరిగాయి, తీయడానికి నాకు చేతులు రావడం లేదు. మూడో భాగం అరవై పేజీలైంది. బాపూ రాళ్లు చెక్కడం నేర్చుకున్నాడు, కూలిన బురుజు కట్టేవాళ్లలో చేరాడు, అక్క ఎదురొస్తే తల తిప్పుకుని వెళ్లిపోతున్నాడు. ప్రథమేశ్‌కు మహా సంతోషంగా ఉంది.

"అబ్బ, ఇప్పుడు మనిషయ్యాడు మేడమ్! మరి అక్కతో ఎప్పుడు మాట్లాడతాడు?"

"నాకూ తెలీదయ్యా" అన్నాను.

రోజూ పొద్దున ధోండ్యాకు ఫోన్ చేస్తాను. మోగి మోగి ఆగిపోతుంది. ఆ తర్వాత రాయడానికి కూర్చుంటాను.