చేతికి లేని గడియారం

మా నాన్న గడియారాన్ని అమ్మేద్దామనుకున్నప్పుడు నాకేమీ బాధ కలగలేదు. పైగా, పీడ విరగడవుతుందనిపించింది.

నాన్న పేరు సదాశివరావు. హిమగిరి ఎయిర్‌వేస్‌లో ఫ్లైట్ ఇంజినీరు. పైలట్ల వెనక కూర్చుని ఇంజన్ల మీటర్లు చూస్తూ ప్రపంచమంతా తిరిగాడు. ఆ కంపెనీ ఇప్పుడు లేదు. ఆ ఉద్యోగమూ లేదు, ఆ పని కంప్యూటర్లు చేసేస్తున్నాయి. రిటైరయ్యాక దేశ రాజధానిలోనే, ద్వారక కాలనీలో ఫ్లాటు కొన్నాడు, అదీ సరిగ్గా విమానాలు దిగే దారి కింద. చక్రాలు కనపడేంత కిందుగా వస్తాయి. ఆ మోత లేకపోతే ఈ మనిషికి నిద్ర పట్టదని మా అమ్మ జానకమ్మ సాధించేది. అమ్మ పోయి చాలా కాలమైంది. నాన్న కిందటి చలికాలంలో వెళ్లిపోయాడు. మూడు గదుల ఇంట్లో నేనొక్కదాన్నే మిగిలాను. శని, ఆదివారాలు పనిమనిషి కూడా రాదు. శుక్రవారం సాయంత్రం ఆఫీసులో అందరికీ బై చెప్పాక, సోమవారం దాకా నా గొంతు నాకే వినపడదు.

నాన్న మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే. ఆయన ఇంట్లో ఉండేవాడు కాదు. నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు లేడు, స్కూల్లో నాటకం వేసినప్పుడు లేడు, అమ్మ మెట్ల మీద జారిపడినప్పుడు లేడు. చిన్నప్పుడు కొత్తగా వచ్చిన టీచరొకావిడ మీ నాన్నగారేరని అడిగితే, పైన ఉన్నారని చెప్పాను. పాపం, ఆవిడ నన్ను దగ్గరకు తీసుకుని కళ్లు తుడుచుకుంది. అది విని ఇంట్లో అందరూ నవ్వారు గానీ నాకు మాత్రం ఆ టీచరే నన్ను అర్థం చేసుకుందనిపించింది.

గడియారం బీరువాలో, మఫ్లర్ల కింద దొరికింది. దూరప్రయాణాల విమానాల్లో పనిచేసే వాళ్ల కోసం కంపెనీ స్విట్జర్లాండ్‌లో ప్రత్యేకంగా చేయించిన బాపతు. డయల్ మీద రెక్కలు చాపిన సారస పక్షి, కంపెనీ గుర్తు, ఎర్రగా వేలి గోరంత ఉంటుంది. వెనక మూత మీద నాన్న స్టాఫ్ నంబరు చెక్కి ఉంది. నాతో పనిచేసే చాందిని దాని ఫొటో తీసి, పాత గడియారాలు సేకరించే వాళ్ల గ్రూపులో పెట్టింది. గంట తిరిగేసరికి నాకు తెలియని మనుషులు వరసపెట్టి మెసేజిలు పంపడం మొదలుపెట్టారు. నాన్న బతికుండగా ఆయన గురించి ఇంతమంది అడగలేదు.

వాళ్లలో ఒకతను తెలుగులో రాశాడు. పేరు జశ్వంత్, ఊరు హైదరాబాదు, గురుగ్రామ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. తెలుగువాడే కదా అని అతన్నే రమ్మన్నాను. అబద్ధమెందుకు, ఆదివారం ఇంటికి ఒక మనిషి వస్తాడంటే నాకు ఆశ పుట్టింది. పొద్దున్నే లేచి ఉప్మా చేశాను.

జశ్వంత్ గడియారాన్ని పసిబిడ్డను ఎత్తుకున్నట్టు రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. భూతద్దం పెట్టి చూశాడు. ఉప్మా చల్లారిపోయింది. పాలిష్ పట్టించలేదు కదా, ముళ్లు మార్చలేదు కదా అని ఒకటికి రెండుసార్లు అడిగాడు. గీతలు పడ్డా సరే, రంగు వెలిసినా సరే, ఎవరూ చెయ్యి పెట్టకుండా ఉండాలట. విమాన కంపెనీలు చేయించిన గడియారాలంటే వీళ్లకెందుకింత పిచ్చో కూడా చెప్పాడు. దుకాణంలో ఎవరైనా కొనుక్కోగలిగిన గడియారానికి ఆ అందం రాదట. ఇవి కొద్దిమందికే ఇచ్చారు, వాళ్లు వీటిని పెట్టుకుని నిజంగానే సముద్రాలు దాటారు. కంపెనీ మూతపడింది కాబట్టి ఇంకొకటి పుట్టదు. ఆ పక్షి బొమ్మ లేకపోతే ఇందులో సగం విలువ కూడా ఉండదట. సరే, ఇంతకీ తీసుకుంటారా అని అడిగాను.

"తీస్కుంట అక్కా. గానీ అంకుల్ చేతికి ఇది పెట్టుకున్న ఫొటో ఒకటుంటే మస్తుంటది. గప్పుడు దీని విలువే వేరే."

గడియారం ఫలానా మనిషిదేనని, అతను దాన్ని పెట్టుకుని తిరిగాడని రుజువు ఉండాలట. నాకు నవ్వొచ్చింది. నేను సాకేత్‌లో ఒక ఇన్సూరెన్స్ ఆఫీసులో క్లెయిములు చూస్తాను. రుజువు తెండి, రుజువు తెండి అని జనాన్ని పీక్కుతినడమే నా ఉద్యోగం. ఇప్పుడు నా వంతు వచ్చింది. వచ్చే ఆదివారానికి వెతికి పెడతానన్నాను. ఇంకో ఆదివారం గట్టెక్కింది కదా అని లోపల సంతోషించాను.

ఆ వారమంతా ఆఫీసు నుంచి వచ్చి ఆల్బములు ముందేసుకున్నాను. నా పుట్టినరోజులు, గృహప్రవేశం, ఎవరెవరివో పెళ్లిళ్లు, ఇండియా గేట్ ముందు ఐస్‌క్రీములు. అన్నిట్లోనూ అమ్మా నేనూ ఉన్నాం. నాన్న ఉన్నవి బాగా తక్కువ. ఉన్న వాటిలో చేతికి గడియారం లేదు. కేకు కోయిస్తున్న చెయ్యి, నన్ను భుజాల మీద కూర్చోబెట్టుకున్న చెయ్యి, అమ్మ పక్కన బుద్ధిగా మోకాలి మీద పెట్టుకున్న చెయ్యి, అన్నీ బోసిగానే ఉన్నాయి. నాకు ఒళ్లు మండిపోయింది. ఆఖరికి ఈ ఒక్క ఫొటో విషయంలో కూడా ఈయన నాకు అక్కరకు రాలేదే అనుకున్నాను.

ఆ మంటలోనే ఒక ఫొటో చూస్తూ ఆగిపోయాను. కంపెనీ క్వార్టర్లలో, మా వాకిట్లో తీసింది. నాన్న లుంగీ కట్టుకుని, గుంజిళ్లు తీస్తున్నాడు. పక్కన నేను నడుం మీద చేతులు పెట్టుకుని లెక్కపెడుతున్నాను. నా పెన్సిలు పోగొట్టినందుకు నేను వేసిన శిక్ష అది. చెవులు పట్టుకున్న ఆయన ఎడమ చేతి మణికట్టు మీద, పట్టీ మేర చర్మం తెల్లగా ఉంది. మిగతా చెయ్యంతా నల్లగా కాలిపోయి ఉంది. విమానం ఎక్కే ముందు దాని చుట్టూ తిరిగి చూడటం కూడా ఆయన పనే, ఎడారి దేశాల ఎండలో ఆ చెయ్యి అలా అయింది.

అప్పుడు గుర్తొచ్చింది. విమానాల వాళ్లు ఏ దేశంలో ఉన్నా లండన్ టైమునే లెక్కపెట్టుకుంటారు. ఆ గడియారం కూడా అదే టైము చూపించేది. మా ఇంట్లో పొద్దున ఇడ్లీలు తినే వేళకు అందులో ఇంకా తెల్లవారేది కాదు. పాడైందేమోనని అమ్మ ఒకసారి దాన్ని ఇండియా టైముకు తిప్పేసింది. పాపం, సాయం చేశాననుకుంది. నాన్న అది చూసుకోకుండా డ్యూటీకి వెళ్లి నానా తిప్పలూ పడి, తిరిగొచ్చాక మొదటిసారి గట్టిగా మాట్లాడాడు. అమ్మ తగ్గలేదు.

"తప్పు టైము చూపించే గడియారం ఇంట్లో ఉంటే అరిష్టమండీ. అది మీ కంపెనీ టైము, మా టైము కాదు. గుమ్మం లోపలికి తేవద్దు."

నాన్న వాదించలేదు. ఆ రోజు నుంచి ఇంటికి రాగానే బయట చెప్పుల స్టాండు దగ్గరే గడియారం విప్పి, డ్యూటీ బూటులో పడేసి, లోపలికి వచ్చేవాడు. నేను బడి నుంచి వచ్చి బెల్లు కొట్టే ముందు ఆ బూటులో చెయ్యి పెట్టి చూసేదాన్ని. లోపల గడియారం చల్లగా తగిలితే నాన్న ఇంట్లో ఉన్నట్టే. ఆ బూటు కంపు ఇప్పటికీ నాకు తెలుసు. ఇంత సంతోషాన్ని నేనెలా మరిచిపోయానో నాకే తెలియదు. ఆల్బము ఒళ్లో పెట్టుకుని చాలాసేపు ఏడ్చాను.

ఆదివారం జశ్వంత్ వచ్చాడు. గడియారం పెట్టుకున్న ఫొటో ఒక్కటి కూడా లేదని చెప్పాను. అతని మొహం వాడిపోయింది, అయినా మర్యాదగా పర్వాలేదన్నాడు. గుంజిళ్ల ఫొటో టేబుల్ మీదే ఉంది. అతని కన్ను దాని మీద పడింది. ఫోనుతో ఫొటో తీసి, పెద్దది చేసి, గడియారాన్ని పక్కన పెట్టి చూశాడు. ఆ తెల్లటి మచ్చలో గుండ్రటి డయల్ ఆకారం, దాని కింద పట్టీ వెడల్పు అచ్చంగా సరిపోయాయి. అతనికి కాలు నిలవలేదు. ఇలాంటి రుజువు తమ గ్రూపులో ఎవరి దగ్గరా లేదన్నాడు. గడియారంతో పాటు ఫొటో కూడా ఇచ్చేస్తే తను అనుకున్న ధరను రెట్టింపు చేస్తానన్నాడు.

"గడియారం తీసుకెళ్లండి. ఫొటో ఇవ్వను," అన్నాను.

"ఫొటోల గడియారం లేదు కద అక్కా. మీకెందుకది?"

"లేదు కాబట్టే."

అతనికి అర్థం కాలేదు. కాపీ అయినా ఇమ్మని బతిమాలాడు, ఇవ్వనన్నాను. ఫోనులో తీసుకున్నది కూడా తుడిపించేశాను. మొదట అనుకున్న ధరకే గడియారం తీసుకుని లేచాడు. అది చేతులు మారినందుకు నాకు ఇసుమంత బెంగ కూడా కలగలేదు. అది నాన్న మా దగ్గర లేని కాలం. ఉన్న కాలం ఫొటోల్లో బోసి చేతులతో నా దగ్గరే ఉంది.

తలుపు వేసి వచ్చాక గాని తెలియలేదు, ఈ మాట నేను ఎవరికైనా చెప్పి తీరాలని. నాన్న ఇంట్లో ఉండేవాడు. నా లెక్క తప్పు. అమ్మకు చెబుదామంటే అమ్మ లేదు, నాన్నకు చెబుదామంటే నాన్న లేడు. తోబుట్టువులు లేరు. ఫోను తీసి పేర్లన్నీ పైనుంచి కిందికి చూశాను. చాందిని పిల్లల పరీక్షల్లో మునిగి ఉంటుంది. మిగతా వాళ్లకు ఫోన్ చేస్తే, నాన్నగారు పోయి ఏడాది కావస్తోంది కదా, ఇప్పుడేమైందని అడుగుతారు. మా నాన్న గురించి వినే ఓపిక ఈ ఊళ్లో ఒకే ఒక్క మనిషికి ఉంది. అతను లిఫ్టు కోసం నిలబడి ఉన్నాడు.

తలుపు తీసి పిలిచాను. ఫొటో ఇస్తానేమో అనుకుని గబగబా వచ్చాడు. ఫొటో కాదు, ఊరికే ఒక మాట చెప్పాలి, కూర్చోమన్నాను. క్యాబ్ రావడానికి ఇంకా కాస్త టైముందని కూర్చున్నాడు. చెప్పబోతుంటే ఫోను తీసి టేబుల్ మీద పెట్టాడు.

"ఏమనుకోకండి అక్కా, రికార్డ్ చేస్కోనా? గడియారంతో పాటు అంకుల్ ముచ్చట కూడా ఉంటే, రేపు కొనెటోళ్లకు వినిపిస్త."

తిట్టాలనిపించింది. వెంటనే ఇంకోటి కూడా అనిపించింది. ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి ఎక్కడో ఆ గడియారం కొనుక్కుని ఇది వింటాడు. నాన్న ఇంట్లో ఉండేవాడని నేను కాక ఇంకొకరికి కూడా తెలుస్తుంది. ఆ రెండో మనిషిని నేను ఎక్కడి నుంచి తెచ్చుకోగలను? చేసుకోమన్నాను.

అతను మీట నొక్కాడు. నేను గొంతు సవరించుకుని, "మా నాన్న ఇంట్లో ఉన్నప్పుడు..." అని మొదలుపెట్టాను. ఆ మాటతో వాక్యం మొదలుపెట్టడం నా జన్మలో అదే మొదటిసారి.